ఊఁ కొట్టని పాఠం

మా బెజవాడ వైపు పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే చిన్నవాళ్ళు ఊఁ కొట్టాలి. కొట్టకపోతే "వింటున్నావా, నిద్రపోతున్నావా?" అని కసురుతారు. కొడితే ఇంకో పావుగంట మాట్లాడతారు. ఆ ఊఁకి అర్థమైందని అర్థం లేదు, ఒప్పుకున్నానని అసలే లేదు. "ఇక్కడే ఉన్నానండీ, మీరు కానివ్వండి" అని, అంతే. మనలో మనకి ఈ సంగతి తెలుసు కాబట్టి గొడవ లేదనుకుంటాం. భవానీపురంలో వినీల కూడా అలాగే అనుకుంది, ఆ ఊఁ తన ఉద్యోగానికే ఎసరు పెట్టేదాకా.

వినీలకు ఊఁ కొట్టడం చిన్ననాటి విద్య. మిషన్ స్కూల్లో ఎనిమిది నుంచి పదిదాకా ఆమెకు ఇంగ్లీషు చెప్పింది శౌరయ్య మాస్టారు. ఆయన పాఠం మొదలుపెడితే బ్యారేజీ గేట్లన్నీ ఒక్కసారి ఎత్తేసినట్టే. మిగతా పిల్లలు కిటికీలోంచి రోడ్డు చూస్తుంటే, ముందు బెంచీలో కూర్చుని ప్రతి వాక్యానికీ తలాడించి ఊఁ అనే పిల్ల ఈమె ఒక్కతే. ఆ శ్రద్ధ మాస్టారి మనసులో ఎంతగా నాటుకుందంటే, కొన్నేళ్ళకు కొడుకు యేసుకుమార్‌కి సంబంధాలు చూస్తున్నప్పుడు, "మన వినీల అయితే బాగుంటదిరా, చెప్పింది శ్రద్ధగా వింటది" అన్నారు. అలా మాస్టారు కాస్తా మావయ్య అయ్యారు. ఊఁ మాత్రం మారలేదు. ఆయన రిటైరైనా పాఠాలు ఆగలేదు, ఆమె పెళ్ళి చేసుకున్నా క్లాసు వదల్లేదు.

చదువయ్యాక వినీల కూడా ఇంగ్లీషు టీచరే అయింది. ఓ ప్రైవేటు స్కూలు. పేరెందుకులెండి, అలాంటివి వీధికొకటున్నాయి. ఏడాదంతా పాఠాలు చెప్పించుకుని, మండుటెండల్లో పిల్లల్ని పట్టుకురమ్మని టీచర్లను ఊళ్ళ మీదకు తోలే స్కూలు. ర్యాంకుల ఫ్లెక్సీ కట్టిన పసుపు పచ్చ వ్యానెక్కి, కరపత్రాలు పట్టుకుని, గడప గడపకూ తిరిగి "మీ బాబుని మా స్కూల్లో వెయ్యండి" అని అడుక్కోవాలి. పాఠం బాగా చెప్పే టీచరు కంటే అడ్మిషన్లు బాగా తెచ్చే టీచరుకే అక్కడ గౌరవం.

పోయిన ఎండాకాలం వినీలకు హనుమాన్ జంక్షన్ పడింది. హైవే పక్కన టైర్ల కొట్టు వెనకింట్లో ఒకావిడ ఆమెను కూర్చోబెట్టి, ఫ్యాను ఇటు తిప్పి, గ్లాసుడు మజ్జిగ ఇచ్చింది. తర్వాత కూతుర్ని ముందుకు నెట్టి, "అమ్మా, మీ స్కూల్లో ఏస్తే మా పిల్ల ఇంగ్లీషు మాట్లాడుద్దా?" అని అడిగింది. పదేళ్ళ పిల్ల. అరవై మందిని ఒక గదిలో కుక్కి, గైడులో జవాబులు బట్టీ కొట్టించే స్కూలది. ఏ పిల్లా ఇంగ్లీషు మాట్లాడదని వినీలకు తెలుసు. అయినా ఎదురుగా ప్రిన్సిపాలు హెలెన్ మేడమ్ ఉంది. "మాట్లాడుద్దండీ" అంది వినీల. ఆ తల్లి ముఖం వెలిగిపోయింది. వినీల మజ్జిగ గ్లాసు అలాగే కింద పెట్టేసింది. వారం తిరక్కుండా రాజీనామా ఇచ్చేసి, ఇక జన్మలో ఆ వ్యాను ఎక్కనని ఒట్టేసుకుంది.

ఒట్టు వేసుకోవడం తేలిక. పని దొరకాలిగా! విదేశీయులకు ఆన్‌లైన్లో ఇంగ్లీషు చెప్పే పని ఉందని ఎవరో చెబితే, దానికో కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకుంది. తీరా ప్రకటనలు చూస్తే సగం వాటిలో "నేటివ్ స్పీకర్లు మాత్రమే" అని ఉంటుంది. మిగతా సగంలో ఫలానా దేశాల పాస్‌పోర్టు ఉండాలంటారు. ఇంగ్లీషు రావడం కంటే ఇంగ్లీషు దేశంలో పుట్టడమే గొప్పని లోకం గట్టిగా నమ్ముతున్నట్టుంది. ఒకాయన వీడియోలో ఆమె ముఖం చూడగానే నెట్ బాగాలేదని పెట్టేశాడు. ఇంకో కంపెనీవాళ్ళు యాస మార్చుకుని ఆర్నెల్ల తర్వాత రమ్మన్నారు. వద్దన్న ప్రతిసారీ వినీల కాసేపు మంచం మీద బోర్లా పడుకునేది, లేచి ముఖం కడుక్కునేది, ఇంకోచోట అప్లికేషన్ పెట్టేది. "నీకిది పంతమా, పట్టుదలా?" అని యేసుకుమార్ నవ్వాడు. "ఏదైతే ఏంటండీ, పని దొరికితే చాలు" అంది. అతను గన్నవరం ఎయిర్‌పోర్టులో కార్గో సెక్షన్లో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. నాన్న మాటకు ఎదురు చెప్పడు, పెళ్ళాం మాటకు అడ్డు రాడు. అలాంటి మొగుడితో లాభమూ ఉంది, నష్టమూ ఉంది.

చివరికి హనోయ్‌లో ఉన్న ఒక కంపెనీ ఆమెను నెల రోజుల ట్రయల్ మీద తీసుకుంది. నేర్చుకునేవాళ్ళు ఆమె దగ్గరే కొనసాగితే ఉద్యోగం ఖాయం, లేకపోతే సెలవు. పడగ్గది మూలలో గోడకు గంధం రంగు దుప్పటి కట్టి, దాని ముందు కుర్చీ వేసుకుని వినీల పని మొదలుపెట్టింది. మావగారికి ఈ పని మీద నమ్మకం లేదు. అయినా పొద్దున్నే కోడలు తలుపు వేసుకోగానే ఆయన కండువా భుజాన వేసుకుని గేటు దగ్గర నిలబడేవారు. ఆకుకూరలమ్మే దానమ్మ బండి తోసుకుంటూ కేక పెట్టబోతే, "ఇష్ష్! అమ్మాయికి క్లాసుందమ్మా, రెండిళ్ళు దాటాక కేకెయ్యి" అనేవారు. ఆ మాట దానమ్మకు రెండిళ్ళ అవతలదాకా వినపడేలా చెప్పేవారు గనక, క్లాసులోకీ వినపడేది.

ఆమెకు దొరికినవాళ్ళలో ముఖ్యుడు బిన్ గారు. అరవై దాటిన మనిషి, అక్కడి మెకాంగ్ నది డెల్టాలో రొయ్యల ఫ్యాక్టరీ యజమాని. కైకలూరు వైపు చేపల చెరువులు చూసిన వినీలకు ఆయన వెనక కిటికీలో కనపడే నీళ్ళు కొత్త కాదు. బయటి దేశాల నుంచి సరుకు కొనేవాళ్ళు వస్తారట. ఈసారి దుభాషి లేకుండా తనే ఫ్యాక్టరీ అంతా తిప్పి చూపించాలని ఆయన కోరిక. ఆయన వరసగా క్లాసులు బుక్ చేస్తే ట్రయల్ గట్టెక్కినట్టేనని కంపెనీ కోఆర్డినేటర్ మారిసెల్ ముందే చెప్పింది.

బిన్ గారు చేతులూపుతూ, ఊపిరి తీసుకోకుండా తన ఇంగ్లీషులో ఏదో చెప్పేవారు. చెరువుల్లోంచి రొయ్యలు రావడం, ఐసులో పెట్టడం, సైజుల వారీగా వేరుచేయడం, అంతవరకు వినీల ఊహించుకునేది. మిగతాది ఆమెకు అంతుపట్టేది కాదు. కానీ పెద్దాయన. తెల్ల జుట్టు. శ్రద్ధగా చెబుతున్నాడు. ఆమె తల దానంతటదే ఊగేది, గొంతు దానంతటదే ఊఁ అనేది. చివర్లో "వెరీ గుడ్ సర్" అనేది. బిన్ గారు ఛాతీ విరుచుకుని వెళ్ళేవారు. క్లాసు బాగా జరుగుతోందని ఇద్దరూ సంతోషించారు.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున ఇడ్లీలు పెడుతుంటే శౌరయ్య మాస్టారు మొదలుపెట్టారు.

"అమ్మాయ్, ఈ ఆన్‌లైన్ అనేది గాల్లో దీపం లాంటిదమ్మా. ఇవాళుంటది, రేపుండదు. స్కూలంటే స్కూలే. బోర్డుంటది, హాజరుంటది, బయటికెళ్తే టీచరుగారని నమస్కారం పెడతారు. మొన్న చర్చిలో హెలెన్ కలిసింది. నీ గురించి అడిగింది."

"ఊఁ" అంది వినీల, చట్నీ వేస్తూ.

"జూన్‌లో కొత్త సెక్షన్లు తీస్తన్నారంట. పాత మనిషివి, నీకైతే మళ్ళీ ఇస్తానంది. నేనోసారి మాట్లాడతాలే."

"ఊఁ" అంది వినీల. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, అటు పరిగెత్తింది.

మాస్టారు తృప్తిగా ఇడ్లీ తుంచుకున్నారు. మౌనం అర్ధాంగీకారమైతే, ఊఁ పూర్తి అంగీకారమేగా ఆయన లెక్కలో.

బుధవారం మధ్యాహ్నం మారిసెల్ వీడియో కాల్ చేసింది. మనీలా మనిషి, ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడేది. ఆ రోజు నవ్వలేదు. బిన్ గారు టీచర్ని మార్చమంటున్నారని చెప్పింది. ముందురోజు సరుకు కొనేవాళ్ళు ఫోన్లోకి వస్తే, ఆయన దుభాషిని బయటికి పంపేసి, వినీల దగ్గర చెప్పిన మాటలే ధైర్యంగా చెప్పారట. అవతలివాళ్ళకు ఒక్క ముక్క అర్థంకాక దుభాషిని పిలవమన్నారట. ఆఫీసులో అందరి ముందూ ఆయనకు తలకొట్టేసినట్టయింది.

"టీచరుకి అన్నీ అర్థమయ్యాయి, ఆ అమ్మాయి అవునవునంది, వెరీ గుడ్ అంది అంటున్నారాయన" అని, మారిసెల్ పాత క్లాసు రికార్డింగు వేసి చూపించింది.

వినీల తనను తాను ఎప్పుడూ అలా చూసుకోలేదు. బిన్ గారు మాట్లాడుతున్నంతసేపూ తెర మీద ఒక ఆడమనిషి చిరునవ్వుతో ఊఁ, ఊఁ, ఊఁ అంటూ ఆటో డాష్‌బోర్డు మీద బొమ్మలా తల ఊపుతోంది.

మారిసెల్ ఒకచోట ఆపింది. "ఇక్కడ ఆయన ఏం చెప్పారు?"

"తెలియదు" అంది వినీల. అబద్ధం చెప్పడానికి దారి లేదు.

"మరి అవునని ఎందుకన్నారు?"

"అది అవును కాదు. అది..." వినీల ఆగిపోయింది. ఊఁ అంటే ఏంటో ఇంగ్లీషులో చెప్పడం ఆ కోర్సులో నేర్పలేదు. "మా దగ్గర పెద్దవాళ్ళు మాట్లాడేటప్పుడు అలా అంటాం. మర్యాద."

"ఆయన మర్యాద కోసం రావడం లేదు" అంది మారిసెల్ మెల్లగా. "తను చెప్పేది ఎదుటివాళ్ళకి అర్థమవుతోందా లేదా అని తెలుసుకోవడానికి వస్తున్నారు. ఆ ఒక్కటే మీరు చెప్పలేదు. శుక్రవారం పొద్దున ఇంకొక్క క్లాసుకి ఆయన్ని బతిమాలి ఒప్పించాను. ఆ తర్వాత నేనేం చేయలేను."

ఫోను పెట్టేశాక వినీలకు తన మీద తనకే అసహ్యమేసింది. హనుమాన్ జంక్షన్లో ఆ తల్లికి చెప్పిన అబద్ధం నుంచి పారిపోయి వచ్చానని ఇన్నాళ్ళూ గర్వపడింది. ఆ అబద్ధాన్ని వెంటబెట్టుకునే వచ్చిందన్నమాట. ఈసారి అది మాటగా కూడా కాదు, ఊఁగా వచ్చింది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా సాయంత్రానికి హెలెన్ మేడమ్ ఫోను. "కంగ్రాట్స్ వినీలా! మాస్టారు చెప్పారు, మళ్ళీ వస్తున్నావంటగా. శుక్రవారం నుంచే క్యాన్వాసింగ్. నువ్వు హనుమాన్ జంక్షన్ బ్యాచ్. ఏడింటికల్లా వ్యాను మీ గేటు దగ్గరుంటది, నేనూ అందులోనే వస్తా." వినీల నోరు తెరిచేలోపు ఆవిడ పెట్టేసింది. ఆవిడ ఎవరి ఊఁ కోసమూ ఆగే రకం కాదు.

ఆ పూట యేసుకుమార్ డ్యూటీ నుంచి రాగానే వినీల అతన్ని ఎదురుగా కూర్చోబెట్టి, "మీ ఆఫీసు కబుర్లు చెప్పండి" అంది. అతను ఆశ్చర్యపోయి, విమానం దించిన పూల బుట్టల గురించి మొదలుపెట్టాడు. వినీల పెదాలు బిగించి, మెడ బిగించి కూర్చుంది. రెండు వాక్యాలు కాకముందే అతను ఆపేశాడు.

"ఏంటే, కోపమా నా మీద?"

"లేదండీ, ఊఁ అనకుండా వినడం నేర్చుకుంటన్నా. మీరు చెప్పండి."

"నువ్వట్టా గుడ్లురిమి చూస్తంటే నాకు మాట రావట్లా" అని అతను లేచి స్నానానికి పోయాడు. చూశారా, మన దగ్గర ఊఁ లేకపోతే మాట్లాడేవాడికి ఊపిరాడదు.

గురువారం ఆమె మావగారి దగ్గరకు తేల్చి చెప్పడానికే వెళ్ళింది. ఆయన వసారాలో పేపరు చదువుతున్నారు. "మావయ్యా, హెలెన్ మేడమ్ సంగతి..." అంది.

"ఆఁ, చేసిందా? చెప్పానమ్మా గట్టిగా. మా కోడలు మాటిచ్చిందంటే ఇచ్చినట్టేనని చెప్పా. నా మొహం చూసి ఒప్పుకుంది. ఇంతకాలం బెజవాడలో శౌరయ్య మాటంటే ఓ విలువుంది, దేవుడి దయ వల్ల."

"ఊఁ" అంది వినీల.

లోపలికొచ్చి తలుపు వెనక నిలబడి నెత్తిన మొట్టుకుంది. కాదని చెప్పడానికి వెళ్ళి ఊఁ అని వచ్చిన మనిషిని ఏమనాలి? ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. మాస్టారు చెడ్డవాడైతే ఎంత బాగుండేది! ఎదురు తిరగొచ్చు. తన క్లాసు కోసం గేటు దగ్గర నిలబడి దానమ్మ నోరు మూయించే మనిషికి ఎలా ఎదురు చెప్పడం? కానీ ఆమె మనసులో ఒక్కటి మాత్రం తేలిపోయింది. రేపు ఆ కుర్చీలోంచి ఎవరొచ్చి లేపినా లేవదు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు గానీ, ఇంట గెలవడం అన్నిటికంటే కష్టం. ముందు రచ్చ సంగతి చూసుకుని ఆ ఊపులోనే ఇంటి సంగతీ చూద్దామనుకుంది.

శుక్రవారం ఆరున్నరకు బిన్ గారు తెర మీదకొచ్చారు. పలకరింపు ముక్తసరిగా జరిగింది. ఆయన వెంటనే కాగితం కూడా చూడకుండా తన ఫ్యాక్టరీ ప్రసంగం ఎత్తుకున్నారు. వినీల రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు పెనవేసింది. గొంతులో ఊఁ లేచింది, మింగేసింది. మళ్ళీ లేచింది, మళ్ళీ మింగింది. తర్వాత అరచెయ్యి ఎత్తి తెరకు చూపించింది.

"సర్, ఆగండి. నాకు అర్థం కాలేదు."

ఆయన అదే మాట ఇంకొంచెం గట్టిగా చెప్పారు.

"అర్థం కాలేదు సర్."

ఇంకా గట్టిగా చెప్పారు. గట్టిగా చెబితే అర్థమవుతుందని అన్ని దేశాల పెద్దవాళ్ళూ అనుకుంటారు కాబోలు.

"లేదు సర్. ఇప్పటికీ కాలేదు."

బిన్ గారి ముఖం ఎర్రబడింది. "ఇన్నాళ్ళూ అర్థమైందిగా! మీరే అవునన్నారుగా!"

తండ్రి వయసు మనిషి. అయినా వినీల చూపు తిప్పుకోలేదు. "అవలేదు సర్. అప్పుడూ అవలేదు. నేను అన్నది అవును కాదు, వింటున్నానని మాత్రమే. అర్థం కాలేదని ఆ రోజే చెప్పాల్సింది. చెప్పకపోవడం వల్ల మీకు అవమానం జరిగింది. తప్పు నాది, క్షమించండి. ఇవాళ మాత్రం అర్థం కానిచోటల్లా ఆపుతాను. కోపమొస్తే కోప్పడండి, కానీ నేను ఆపుతాను."

ఆయన చెయ్యి కీబోర్డు వైపు జరిగింది. పెట్టేస్తాడేమో అనుకుంది. ఆయన కుర్చీ సర్దుకుని, మొదటి వాక్యం మళ్ళీ చెప్పారు, ఈసారి నెమ్మదిగా. ఆమె ఆపింది. ఎవరు తెస్తారు? ఎప్పుడు? ఐసు ముందా, కడగడం ముందా? ఆయన విసుక్కున్నారు, చేతులతో చూపించారు, బల్ల మీద పెన్నులు రొయ్యల్లా పేర్చారు. పొడుగాటి మాట చిన్న ముక్కలైంది. ఒక ముక్క ఆమెకు శుభ్రంగా అర్థమైంది. "ఇది అర్థమైంది సర్" అంది. ఆ క్లాసులో ఆ మాట వినడం ఆయనకు మొదటిసారి. ఆయన పెదాల కొసల్లో చిన్న నవ్వు కదిలింది.

అప్పుడే గేటు దగ్గర హారన్ మోగింది. వ్యాను ఏడింటికన్నా ముందే వచ్చింది. హారన్ మళ్ళీ మోగింది. ఆకుకూరల బండిని ఆపగలిగిన మాస్టారు హెలెన్ మేడమ్ వ్యానును ఆపలేకపోయారు. కాసేపటికి పడగ్గది తలుపు తెరుచుకుని ఆయనే లోపలికొచ్చారు.

"అమ్మాయ్, హెలెన్ వచ్చేసింది. ఇహ కట్టేసి రా, బాగుండదు..."

వినీల వెనక్కి తిరగలేదు. అరచెయ్యి వెనక్కి చాపి, "ఆగండి మావయ్యా" అంది.

ఆ ఇంట్లో ఆ మాట ఆయనతో ఎవరూ అని ఉండరు. ఆయన అడుగు మధ్యలోనే నిలబడిపోయారు. తెర మీద బిన్ గారికి వినీల భుజం వెనక కండువా వేసుకున్న పెద్దాయన కనపడ్డాడు.

"ఆయనెవరు?"

"మా మావగారు. నాకు ఇంగ్లీషు చెప్పిన మాస్టారు కూడా."

బిన్ గారు కుర్చీలోంచి లేచి తల వంచి నమస్కరించారు. శౌరయ్య మాస్టారికి విదేశీయుడొకడు తనను గురువుగా చూసి నమస్కారం పెట్టడం అదే మొదలు. హారన్ మర్చిపోయారు, కోపం మర్చిపోయారు. కండువా సర్దుకుని, గొంతు సవరించుకుని, చర్చిలో బైబిలు పఠనం చదివే ఇంగ్లీషులో స్వాగతం అందుకున్నారు. రెండు ప్రాచీన డెల్టాల స్నేహం గురించి, విద్య అనే దీపం గురించి, వాక్యంలోంచి వాక్యం పుట్టుకొస్తూ ప్రసంగం ఎక్కడా ఆగకుండా వెళ్ళిపోతోంది. బిన్ గారు నోరు తెరుచుకుని కాసేపు విన్నారు. తర్వాత ఇందాకే నేర్చుకున్న పాఠం గుర్తొచ్చిందేమో, ఎంతో మర్యాదగా అరచెయ్యి ఎత్తారు.

"సర్, ఆగండి. నాకు అర్థం కాలేదు."

మాస్టారు ఆగిపోయారు. కోడలి వైపు చూశారు. ఎన్నోసార్లు మాస్టారి వాక్యాల మధ్య ఊఁ అని వంతెనేసిన కోడలు ఈసారి వెయ్యలేదు.

"చిన్న మాట చెప్పండి మావయ్యా" అంది మెల్లగా.

ఆయన పెదాలు కదిలాయి. ఏం చెప్పాలో వెతుక్కుంటున్నట్టు కనపడ్డారు. చివరికి "గుడ్ మార్నింగ్" అన్నారు.

"గుడ్ మార్నింగ్, సర్!" అన్నారు బిన్ గారు హాయిగా.

మాస్టారు బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశారు. వినీల ఒక్కసారి తలుపు వైపు చూసింది. అయినా కుర్చీ వదల్లేదు. హారన్ మోగుతూనే ఉంది, ఆమె క్లాసు చివరిదాకా చెప్పింది.

అయ్యాక చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దగ్గరకు వెళ్ళింది. వ్యాను ముందు సీట్లో హెలెన్ మేడమ్, పక్కన కరపత్రాల కట్ట. కిటికీ దగ్గర మాస్టారు.

"ఎంతసేపు వినీలా! ఎక్కు, ఎండొచ్చేస్తంది."

"నేను రావట్లేదు మేడమ్. మళ్ళీ చేరుతున్నానని నేను అన్లేదు."

"మాస్టారు మాటిచ్చారుగా?"

"మావయ్య ఇచ్చారు. నన్నడిగితే ఊఁ అన్నాను. అది ఒప్పుకున్నట్టు కాదు మేడమ్. ఆ ముక్క నోరు తెరిచి చెప్పనందుకు మీ ఇద్దరికీ ఇబ్బంది అయింది, ఏమనుకోవద్దు. కానీ రాను."

"ఆ ఫోన్లో క్లాసులు ఎన్నాళ్ళుంటాయనుకుంటన్నావ్?"

"తెలీదు మేడమ్. ఇవాళ్టితో పోవచ్చు కూడా. పోతే ఇంకోటి వెతుక్కుంటా."

హెలెన్ మేడమ్ మాస్టారి వైపు చూసింది. ఆయన నేల చూస్తున్నారు. వ్యాను ర్యాంకుల ఫ్లెక్సీతో సహా మలుపు తిరిగి పోయింది.

పదకొండింటికి మారిసెల్ నుంచి మెసేజ్ వచ్చింది. బిన్ గారు రాసింది ఉన్నదున్నట్టు పంపింది: "ఈ టీచరు చాలాసార్లు ఆపుతుంది. ఈ టీచర్నే ఉంచండి." కొనేవాళ్ళు వచ్చేదాకా రోజూ పొద్దున క్లాసు బుక్ చేశారట. వినీల గదిలో ఒక్కతే నిలబడి పిడికిలి బిగించి గాల్లో ఊపింది. గన్నవరానికి ఫోను చేసి చెబితే యేసుకుమార్ అక్కడున్న పోర్టర్లందరికీ చెప్పేశాడు. ఇంట్లో మాత్రం ఆ మాట చెప్పలేకపోయింది. వసారాలో కూర్చున్న మావగారు పొద్దున టిఫిను కూడా సగంలో వదిలేశారు.

మధ్యాహ్నం ఆయన తెల్ల చొక్కా వేసుకుని ఆటో పిలిపించుకుని ఎక్కడికో వెళ్ళారు. సాయంత్రం వచ్చారు. వినీల టీ ఇచ్చి, లోపలికి పారిపోకుండా ఎదురుగా కుర్చీలో కూర్చుంది.

"హెలెన్ దగ్గరకెళ్ళొచ్చా" అన్నారు. "తప్పు నీది కాదు, అడక్కుండా మాటిచ్చింది నేనని చెప్పొచ్చా."

"మీరెందుకు వెళ్ళడం మావయ్యా, నేను వెళ్ళేదాన్నిగా."

"మాటిచ్చింది నేనమ్మా, వెనక్కి తీసుకోవాల్సింది కూడా నేనేగా." టీ ఒక గుక్క తాగారు. "ఆ బిన్... నన్ను ఆపాడు. నలభై ఏళ్ళు పాఠం చెప్పా. నన్నెవరూ ఆపలా."

వినీల గొంతులో ఊఁ లేచింది. అలవాటు ఒక్కరోజులో పోదు. మింగేసింది.

"పాఠమవగానే అర్థమైందా అని అడిగేవాణ్ణి. క్లాసంతా ఒక్క గొంతుతో, అర్థమైంది సార్ అనేది. నేను పుస్తకం మూసేసి వచ్చేసేవాణ్ణి." ఆయన గ్లాసు కింద పెట్టారు. "నిజంగా అర్థమయ్యేదంటావా?"

"అందరి సంగతీ నాకు తెలీదు మావయ్యా."

"నీ సంగతి చెప్పు. ముందు బెంచీలో కూర్చునేదానివి. అన్నిటికీ తలూపేదానివి."

అందరికీ అర్థమయ్యేదని, మీలాంటి మాస్టారు లేరని చెప్పొచ్చు. ముసలి ప్రాణం, ఆ ఒక్క మాటతో ఈ పూట అన్నం తింటారు. వినీలకు ఆయనంటే ఎంత ఇష్టమో అప్పుడు బాగా తెలిసింది. అందుకే చెప్పింది.

"సగం అర్థమయ్యేది కాదు మావయ్యా."

ఆయన రోడ్డు వైపు తిరిగారు. "మరి అడగలేదే?" అన్నారు.

"మీరు ఆగేవాళ్ళు కాదుగా."

ఎక్కువ మాట్లాడేశానేమో అనుకుంది. కానీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు. శౌరయ్య మాస్టారు కళ్ళజోడు తీసి, కండువాతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత కుర్చీని ఆమెకు దగ్గరగా లాక్కున్నారు.

"ఏ సగం?" అన్నారు.